తోమిన గీతల చరిత్ర



ఈ రోజుల్లో ఏలూరు బజారులో గాని, తాడేపల్లిగూడెంలో గాని స్టీలు సామాన్ల కొట్టుకు వెళ్ళారనుకోండి. కొట్టతను మీ ముందు రెండు రకాలు పెడతాడు. ఒకటి అద్దంలా తళతళలాడుతూ వుంటుంది, అందులో మన ముఖం మనకి కనిపిస్తుంది. రెండోది మెరుస్తుంది గాని అందులో ముఖం కనపడదు. వెండి మీద పల్చటి మంచు కమ్మినట్టు వుంటుంది. దగ్గరగా పెట్టుకు చూస్తే సన్నని గీతలు, వెంట్రుకకన్నా సన్నవి, అన్నీ ఒకే దిక్కుగా సాగుతూ కనిపిస్తాయి. "ఇది మ్యాట్ ఫినిషింగ్ అమ్మా, కొత్త మోడలు" అంటాడతను. కొంచెం చదువుకున్న కుర్రాడైతే "బ్రష్‌డ్ ఫినిష్" అని కూడా అంటాడు. ధర నాలుగు రూపాయలు ఎక్కువే చెబుతాడు.

కొత్తదేనా అది? ఈ ప్రశ్నతోనే నేటి ప్రసంగం మొదలుపెడుతున్నాను. లోహం మీద గీతలు గీసి దానికో నిగారింపు తీసుకురావటం కర్మాగారాలు కనిపెట్టిన విద్య కాదు. రోజూ పొద్దున్నే నూతి చప్టా మీద కూర్చుని ఇత్తడి బిందె తోమిన ప్రతి ఇల్లాలూ చేసిన పని అదే. తేడా అల్లా ఒక్కటే. ఆవిడ గీసిన గీతలు గుండ్రంగా, అడ్డదిడ్డంగా పడేవి. యంత్రం గీసిన గీతలు బారులు తీరి పడతాయి. మొదటిదాన్ని చాకిరీ అన్నారు, రెండోదాన్ని అలంకారం అంటున్నారు.

అసలు తోమటం అంటే ఏమిటో ముందు చూద్దాం. మురికి వదిలించటం అనుకుంటాం. అది సగమే నిజం. లోహాన్ని ఇసుకతోనో బూడిదతోనో రుద్దినప్పుడు ఆ రేణువులు పైపొరను గీరి, కొంచెం తీసేస్తాయి. కింద కొత్త లోహం బయటపడుతుంది, అదే మెరుపు. రేణువు ముతకదైతే గీత లోతుగా పడుతుంది, వెలుతురు చెదిరిపోతుంది, పాత్ర మందంగా కనిపిస్తుంది. రేణువు మెత్తనిదైన కొద్దీ గీతలు సన్నబడి, చివరికి కంటికి ఆనవు. అప్పుడది అద్దం అవుతుంది. కేరళలో ఆరన్ముల అనే ఊళ్ళో రాగి, తగరం కలిసిన లోహాన్ని రోజుల తరబడి సానపట్టి నిజంగా ముఖం చూసుకునే అద్దాలే చేస్తారు. అంటే అద్దానికీ, గీతలున్న రేకుకీ మధ్య వున్న తేడా లోహంలో లేదు, దాని మీద పడిన పనిలో వుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీనితో పని వుంది.

ఇక మన ప్రాంతానికి వద్దాం. కొల్లేటి సరస్సు నడుమ లంక మీద వున్న ఊరు కొల్లేటికోట. 2022లో ఏర్పడిన ఏలూరు జిల్లాలో, కైకలూరు మండలంలో వుంది. గజపతుల కాలంలో ఇక్కడ కోట వుండేదనీ, శత్రువులు సరస్సు నీళ్ళు సముద్రంలోకి తోడెయ్యాలని ఉప్పుటేరు తవ్వించారనీ ఒక కథ తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఇప్పుడు కోట లేదు గాని పెద్దింట్లమ్మ తల్లి గుడి వుంది. ఏటా ఫాల్గుణ మాసంలో జాతర జరుగుతుంది. జాతర అంటే జనం, జనం అంటే వంట, వంట అంటే గిన్నెలు, గిన్నెలు అంటే తోమటం. కోట ఎవరు కట్టారో, ఎవరు పడగొట్టారో చరిత్రకారులు వాదించుకుంటారు. గంగాళాలు తోమినదెవరో ఎవరూ వాదించుకోరు. ఆడవాళ్ళే కదా!

కొల్లేటి పరిసరాల్లో ఇత్తడి సామాను వాడకం మాటలు కాదు. వేసవిలో సరస్సు తగ్గినప్పుడు ఉప్పుటేరు మీదుగా సముద్రపు ఉప్పునీరు ఎగదన్నుతుంది. ఉప్పు తగిలిందంటే రాగి, ఇత్తడి ఊరుకోవు. నిన్న సాయంత్రం బంగారంలా మెరిసిన చెంబు రెండు రోజులకే నల్లబడి, మూలల్లో పచ్చగా చిలుము పడుతుంది. తియ్యటి నీళ్ళున్న ఊళ్ళో వారానికోసారి తోమితే సరిపోయే బిందెను ఇక్కడ అంతకన్నా తరచుగా తోముకోవలసిందే.

దేనితో తోమేవారు? చింతపండు, బూడిద, ఇటుకపొడి, కొబ్బరిపీచు. ఈ నాలుగింటిలో ఎంత రసాయన శాస్త్రం వుందో చూడండి. చింతపండులో టార్టారిక్ ఆమ్లం వుంది. రాగి మీద పట్టిన నల్లని పొరని అది కరిగించేస్తుంది. కట్టెల బూడిదలో క్షారం వుంది, అది జిడ్డు విరుస్తుంది. ఇటుకపొడి గీరుతుంది. పీచు ఆ పొడిని పట్టుకుని అన్ని వంపుల్లోకీ తీసుకుపోతుంది. ఈనాటి కర్మాగారంలోనూ ఇంతకన్నా వేరే సూత్రం లేదు. ఆమ్లంతో కడగటం, క్షారంతో జిడ్డు తీయటం, గరుకు పొడితో రుద్దటం. పేర్లు మారాయి, అంతే.

మన డెల్టాకి మరో ప్రత్యేకత వుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత గోదావరి నీళ్ళతో ఇక్కడ వరి విరివిగా పండింది. వెనకాలే బియ్యం మిల్లులు వచ్చాయి. ధాన్యం బరువులో సుమారు అయిదో వంతు ఊకే. ఆ ఊక పొయ్యిల్లోకి వెళ్ళింది, పొయ్యిల్లోంచి బూడిదై గిన్నెల మీదికి వచ్చింది. బాగా తెల్లగా కాలిన ఊక బూడిదలో నూటికి 80 పాళ్ళకు పైగా సిలికా వుంటుంది, అంటే ఇసుకలో వుండే పదార్థమే. అది ఇత్తడికన్నా గట్టిది, ఇసుకకన్నా మెత్తగా నలుగుతుంది. అందుకే ఊక బూడిదతో తోమిన బిందెకి లోతు గాట్లు పడకుండా మంచి నిగ్గు వచ్చేది. ఏ బూడిద దేనికి పనికొస్తుందో మన అమ్మమ్మలు చేత్తో నలిపి చూసి చెప్పేవారు. దానికి వాళ్ళు ఏ పట్టా పుచ్చుకోలేదు.

ఆ సామాను చేసిన చేతుల్ని కూడా తలచుకోవాలి. తణుకు దగ్గర అజ్జరం ఇత్తడి సామానుకి పేరుపడ్డ ఊరు. బిందెలు, గంగాళాలు, పళ్ళేలు, దీపపు సెమ్మెలు అక్కడ తయారయి ఊరూరా వెళ్ళేవి. ఉత్తరాన శ్రీకాకుళం జిల్లాలో బుడితి వుంది. అక్కడి కంచు, ఇత్తడి పాత్రల మీద గీతలతోనే అలంకారం చేస్తారు. తెలంగాణలో జనగామ దగ్గర పెంబర్తి వుంది. అక్కడి విశ్వకర్మలు ఇత్తడి రేకును లక్క మీద పరిచి, సుత్తితో ఉలితో బొమ్మలు లేపి, దేవుళ్ళ వాహనాలకీ రథాలకీ తొడుగులు చేశారు. ఆ పని కాకతీయుల నాటినుంచీ వస్తున్నదని చెబుతారు.

వీటన్నిటికన్నా నాకు ఆశ్చర్యం కలిగించేది బిదరు పని. బీదరులో బహమనీ సుల్తానుల ఏలుబడిలో పెరిగి హైదరాబాదుకూ వచ్చింది. తుత్తునాగంలో కొంచెం రాగి కలిపి పాత్ర పోస్తారు. దాని మీద చెక్కి, ఆ గాడుల్లో వెండి తీగ పొదుగుతారు. చివర్లో బీదరు కోటలోని మట్టిని నవసాగరంతో కలిపి వేడి చేసి పట్టిస్తే తుత్తునాగం నల్లబడిపోతుంది, వెండి మాత్రం తెల్లగా నిలుస్తుంది. ఆ నలుపుకి మెరుపు లేదు. ఆ మెరుపు లేకపోవటం వల్లనే వెండి వెన్నెల్లా కనిపిస్తుంది. అంటే ఏమిటన్నమాట? లోహం అంటే తళతళలాడి తీరాలనే నియమం మన కళాకారులకి ఏనాడూ లేదు. ఎక్కడ మెరవాలో, ఎక్కడ మెరుపుని అణచాలో వాళ్ళకి తెలుసు.

మరి మన వంటింట్లో మాత్రం ఆ స్వేచ్ఛ ఎందుకు లేకపోయింది? ఇక్కడ కొంచెం నిష్ఠూరంగానే మాట్లాడాలి. వంటింటి ఇత్తడి తళతళలాడకపోతే ఇల్లాలికి మాట వచ్చేది. బిందె నల్లబడితే కోడలి పెంపకాన్ని అన్నారు. పీటల మీద వరసగా పేర్చిన ఇత్తడి సామాను చూసి ఆ ఇంటి ఆడవాళ్ళ ఒద్దిక లెక్కకట్టారు. చింతపండు పులుపుకీ బూడిద ఘాటుకీ వేళ్ళ సందులు ఒరుసుకుపోతే కొబ్బరినూనె రాసుకుని మళ్ళీ మర్నాడు కూర్చునేవారు. బడికి పోవలసిన ఆడపిల్లని "ఈ నాలుగూ తోమి వెళ్ళవే" అని ఆపేసిన ఇళ్ళు ఎన్ని! డబ్బున్న ఇళ్ళలో ఆ బరువు పనిమనిషి చేతుల మీద పడింది. మెరుపు ఇంటివారిది, గీతలు మాత్రం తోమినవాళ్ళ చేతుల మీద.

పైగా ఇత్తడిలో ప్రమాదమూ వుంది. కొల్లేరు అంటే చేపలు, చేపలంటే పులుసు. చింతపండు పులుసును కళాయి లేని ఇత్తడి గిన్నెలో కాచి నిలవ వుంచితే రాగి కరిగి అందులోకి దిగుతుంది. వాంతులు పట్టుకుంటాయి. అందుకే పులుసులు మట్టిదాకలో కాచుకునేవారు, ఇత్తడి గిన్నెలకి లోపల కళాయి వేయించేవారు. కళాయివాడు వీధిలోకి వచ్చి కేక వేస్తే ఆడవాళ్ళందరూ గిన్నెలు పట్టుకు వచ్చేవారు. అతను కొలిమి తిత్తి ఊది, గిన్నె కాల్చి, నవసాగరం చల్లి, తగరం ముక్క రాసి, దూది పెట్టి గబగబా తుడిచేవాడు. తగరం 232 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కరుగుతుంది గనక ఒక్క నిమిషంలో గిన్నె లోపలంతా వెండిలా అయ్యేది. అది అలంకారం కాదు, ప్రాణరక్ష. అయితే ఇత్తడిని తోమినట్టు ఆ కళాయిని కూడా బూడిద వేసి బరబరా గీరితే అదీ లేచిపోయేది. పైన గట్టిగా, లోపల మెత్తగా తోమాలి. ఒకే గిన్నెకి రెండు చేతివాటాలు!

ఈ కష్టాన్నుంచి బయటపడే దారులు ఒకటొకటిగా వచ్చాయి. ఏలూరు, కొల్లేరు అన్నీ మద్రాసు రాజధానిలో భాగంగా వున్న రోజుల్లో, 1898లో, మద్రాసు కళాశాలలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే ఆయన అల్యూమినియం పాత్రలు చేయించటం మొదలుపెట్టాడు. మనవాళ్ళు వాటిని సిల్వరు గిన్నెలన్నారు. తేలిక, చవక, చిలుము పట్టవు. పులుపుకి మాత్రం అవీ ఆగవు.

అసలు మార్పు స్టెయిన్‌లెస్ స్టీలుతో వచ్చింది. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హారీ బ్రియర్లీ, తుపాకీ గొట్టాలు త్వరగా అరిగిపోకుండా వుండే ఉక్కు కోసం ప్రయోగాలు చేస్తూ, క్రోమియం సుమారు 13 పాళ్ళు వేసిన ఉక్కు తుప్పు పట్టటం లేదని గమనించాడు. జర్మనీలో క్రుప్ కంపెనీవారు కూడా అదే కాలంలో నికెల్ చేర్చిన ఉక్కును తయారుచేశారు. మనం వంటింట్లో వాడే 18-8 స్టీలు ఆ రెండో రకానికి వారసురాలు. క్రోమియం గాలి తగలగానే కంటికి కనపడని పల్చని పొరగా మారి ఉక్కుకి కాపలా కాస్తుంది. గీరితే పోతుంది, గాలి తగిలితే మళ్ళీ వస్తుంది. తోమకపోయినా నల్లబడని లోహం! మన ఆడవాళ్ళకి ఇంతకన్నా వరం ఏముంటుంది?

1960లు, 70ల్లో ఆ వరం మన పట్టణాల ఇళ్ళలోకి వచ్చేసింది. 1980ల మొదట్లో తమిళనాడులో సేలం ఉక్కు కర్మాగారం స్టెయిన్‌లెస్ రేకు తయారుచెయ్యటం మొదలుపెట్టింది. పాత ఇత్తడి తూకానికి వేసి కొత్త స్టీలు తెచ్చుకోని ఇల్లు అరుదు. పుట్టింటివారు పేర్లు కొట్టించి ఇచ్చిన బిందెలు, మామ్మగారి గంగాళాలు కరిగించే కొలిమికి వెళ్ళిపోయాయి. ఆ దెబ్బకి ఇత్తడి పనివారి గిరాకీ బాగా దెబ్బతిన్నది. ఆడవాళ్ళ చేతులకి విశ్రాంతి వచ్చింది, కంచరి చేతులకి పని పోయింది. ఈ రెండూ ఒకే మార్పుకి రెండు ముఖాలు. ఒకటి చెప్పి ఒకటి దాచటం న్యాయం కాదు.

ఇప్పుడు గీతల సంగతి. స్టీలు వచ్చిన కొత్తలో అందరూ అద్దం లాంటి మెరుపే కోరారు. ఇత్తడి కాలపు అలవాటు అది. కాని అద్దం మెరుపుకి ఒక చిక్కుంది. ఒక్క గీత పడినా కనిపిస్తుంది, వేలు తగిలినా మరక కనిపిస్తుంది. దీనికి విరుగుడుగా పరిశ్రమల్లో, గీతలు పడకుండా కాపాడే బదులు ముందే మనమే గీతలు గీసేద్దాం అనుకున్నారు. అన్నీ ఒకే దిక్కుకి, ఒకే సన్నదనంతో గీస్తే తరువాత పడే గీత వాటిలో కలిసిపోతుంది.

దానికి కావలసిన గరుకు పొడి పాతదే. కురువిందం అనే గట్టి రాయితో మనవాళ్ళు రత్నాలకి, కత్తులకి సానపట్టేవారు. ఇంగ్లీషువారి కొరండం అనే మాట మన దక్షిణాది భాషలనుంచే వెళ్ళింది. 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ ఆచెసన్ కార్బొరండం అనే కృత్రిమమైన గట్టి పొడిని తయారుచేశాడు. ఇలాంటి పొడుల్ని బట్ట పట్టీకి అంటించి, ఆ పట్టీని యంత్రంమీద తిప్పి, దానికింద స్టీలు రేకుని నడిపిస్తారు. మామూలుగా వంటింటి సామానుకి, సింకులకి వాడేది 120 నుంచి 180 నంబరు దాకా వుండే గరుకు. నంబరు పెరిగిన కొద్దీ పొడి మెత్తన. గీత లోతు మిల్లీమీటరులో వెయ్యో వంతు, అంతకన్నా తక్కువ కూడా.

ఈ పద్ధతి ఎక్కడెక్కడికి పోయిందో చూడండి. 1970ల్లో వచ్చిన రేడియోలకి, టేప్ రికార్డర్లకి మీటల వెనక తెల్లని అల్యూమినియం రేకు వుండేది, దాని మీద అడ్డంగా సన్నగీతలు. లిఫ్టు తలుపులు అవే. అమెరికాలో సెయింట్ లూయీ నగరంలో 1965లో పూర్తయిన 192 మీటర్ల ఎత్తు తోరణానికి పైతొడుగంతా గీతల స్టీలే. ఇక 1981లో ఉత్తర ఐర్లండులో తయారయిన డెలోరియన్ అనే కారుకి రంగే వెయ్యలేదు, ఒళ్ళంతా గీతలు తీసిన స్టీలు. ఆ కారుకి చిన్న గీత పడితే దాని యజమానులు ఏం చేసేవారో తెలుసా? మనం గిన్నెలు తోమే పచ్చని స్కాచ్‌బ్రైట్ పీచు లాంటిదే తీసుకుని, గీతల దిక్కుగా రుద్దేవారు! నైలాను పీచుకి గరుకు పొడి అంటించిన ఆ సరుకు కర్మాగారాల్లో నిగారింపు పనికీ వాడతారు, మన సింకు పక్కనా వుంటుంది. కొబ్బరిపీచూ, ఇటుకపొడీ జంట కట్టిన సంగతి ఎంత పాతదో మనకి తెలుసు గనక ఇందులో మనకి వింత లేదు.

చివరగా, ఇలాంటి సామాను ఇంట్లో వున్నవారికి నాలుగు మాటలు చెబుతాను.

మొదటిది, తుడిచే ముందు గీత ఎటు పోతోందో చూడండి. అటే తుడవండి. గుండ్రంగా రుద్దటం ఇత్తడి బిందె నేర్పిన అలవాటు. గీతల స్టీలు మీద అలా రుద్దితే బారులు చెదిరి, ఆ చోటు మచ్చలా నిలిచిపోతుంది. రుద్దవలసి వస్తే మెత్తని గుడ్డ చాలు.

రెండోది, ఇనుప పీచు వాడకండి. దాని తునకలు గీతల్లో ఇరుక్కుని తుప్పు పడతాయి. చూసినవాళ్ళు స్టీలుకే తుప్పు పట్టిందనుకుంటారు.

మూడోది, ఇది ముఖ్యంగా కొల్లేటి చుట్టుపక్కలవారికీ, బోరునీళ్ళు ఉప్పగా వుండే ఊళ్ళవారికీ. స్టీలుకి కాపలా కాసే పొరకి ఉప్పే శత్రువు. గీతల సందుల్లో ఉప్పునీరు ఎండి నిలిస్తే సూదిమొన లాంటి గుంటలు పడతాయి. అద్దం లాంటి స్టీలు మీద నిలిచే దానికన్నా గీతల మీద ఎక్కువ నిలుస్తుంది. రాత్రి పని అయ్యాక మంచినీళ్ళతో ఒకసారి కడిగి, పొడిగుడ్డతో తుడిస్తే ఏళ్ళ తరబడి చెక్కుచెదరదు. ఉప్పుకల్లు సింకులో రాత్రంతా వదిలెయ్యకండి. చేపలు కడిగిన తరువాత ఈ జాగ్రత్త మరీ అవసరం.

నాలుగోది, అటక మీద ఇంకా ఇత్తడి బిందె మిగిలి వుంటే తూకానికి వేసేముందు ఒకసారి దించి చూడండి. దాని మీద చేసినవారి సుత్తి దెబ్బలు వుంటాయి, ఎవరి పేరో చుక్కలతో కొట్టించి వుంటుంది. ఆ చుక్కల మీద, చుట్టూతా, లెక్కలేనన్ని సన్నగీతలు. అవి ఏ యంత్రమూ గీసినవి కావు. ఆ పేరుగల ఆవిడో, ఆవిడ కోడలో, వాళ్ళింట పనిచేసిన మరో ఆవిడో ఒక్కొక్క ఉదయం ఒక్కొక్కటిగా గీసినవి. దాన్ని మళ్ళీ తళతళలాడించమని నేను చెప్పటం లేదు. ఆ చాకిరీ పోయినందుకు సంతోషమే. నల్లగా వున్నా ఫరవాలేదు, వుంచుకోండి. మీ అమ్మాయికి చూపించి, ఆ గీతలు ఎవరివో చెప్పండి.